మరబొమ్మ కదలికకు కర్త ఎవరు?

క్రియకు కర్త ఎవరన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో శతాబ్దాలుగా నలుగుతున్నదే అయినా, మైక్రోకంట్రోలర్ బోర్డు చేతికందిన పాఠశాల విద్యార్థి ముందు అది మళ్లీ కొత్తగా నిలుస్తోంది. మైక్రోకంట్రోలర్ అంటే లెక్కకట్టే భాగమూ, జ్ఞాపకమూ, బయటి పరికరాలను కలిపే పిన్నులూ ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డునో బోర్డు, 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల ద్వారా మన పాఠశాలల్లోకీ వచ్చింది.

దానిపై రాసే మొదటి ప్రోగ్రామ్ చాలా చిన్నది. ‘సెటప్’ అనే భాగం బోర్డుకు కరెంటు అందగానే ఒక్కసారి నడుస్తుంది. ‘లూప్’ అనే భాగం కరెంటు ఉన్నంతసేపూ తిరిగి తిరిగి నడుస్తూ, 13వ పిన్నుకు కలిపి ఉన్న ఎల్‌ఈడీని వెయ్యి మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను, వెలిగించి మరో సెకను ఆర్పుతుంది. దీపాన్ని బోర్డు వెలిగిస్తోందని అనడం వాడుకలో తప్పు కాదు గాని, స్వాతంత్ర్యం ఉన్నవాడే కర్త అన్న పాణిని నిర్వచనాన్ని పట్టుకుంటే ఆ మాట నిలవదు. ఆ సెకను ఎంతసేపు ఉండాలో, అసలు వెలగాలో వద్దో తేల్చే స్వాతంత్ర్యం బోర్డుకు లేదు.

ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల దగ్గర కర్తకూ బోర్డుకూ మధ్య ఉన్న ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో తరవాత కట్టిన బ్యారేజీ నుంచి మధ్య డెల్టాకు సాగే కాలువ నీరు అక్కడ పాయలుగా విడిపోతుంది. గేటు ఎత్తమని పైఅధికారి చెప్పిన మాటను విన్న లస్కరు, అంటే కాలువ తలుపుల కాపలాదారు, దాన్ని అర్థం చేసుకుని, తనకు వర్తిస్తుందని గ్రహించి, అప్పుడు చెయ్యి వేస్తాడు; కాదనే శక్తి ఉండి కూడా పాటిస్తాడు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు విధివాక్యాన్ని, అంటే ‘ఇది చెయ్యి’ అని ఆదేశించే వాక్యాన్ని, గురించి చేసిన సుదీర్ఘ చర్చ అంతా ఇలా విని, తెలుసుకుని, పూనుకునే మనిషిని ఉద్దేశించినదే. నీటిమట్టాన్ని కొలిచే సెన్సర్‌నూ, గేటును లాగే మోటారునూ బోర్డుకు కలిపి అదే పని చేయించినప్పుడు ప్రోగ్రామ్‌లోని ఆదేశానికి విధి అనే పేరు చెల్లదు, ఎందుకంటే ఉల్లంఘించలేని దానికి పాటించడమూ ఉండదు.

అయితే విద్యార్థి ఒక్కడే సర్వకర్త అనుకోవడమూ పొరపాటే. కనురెప్పల కదలిక నుంచి, కొయ్యబొమ్మను ఆడించేవాడిలా లోపల ఆత్మ ఉందని ఊహించవచ్చునని వైశేషిక దర్శనానికి చెందిన ప్రశస్తపాదుడు అన్నాడు; భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం మాత్రం కర్మకు అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అని ఐదు కారణాలు చెప్పి, ఆత్మనే ఏకైక కర్తగా చూసేవాడిది సరైన చూపు కాదంటుంది. నేలపై నల్లగీతను అనుసరించే చిన్న బండిని తీసుకుంటే, దాని చట్రం అధిష్ఠానం, సెన్సర్లూ మోటార్లూ కరణాలు, చక్రాల మలుపులు చేష్ట అవుతాయి, ప్రోగ్రామ్ రాసినవాడు కర్త అవుతాడు. ఐదోదైన దైవం అన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది. గీతను గుర్తించే సెన్సర్ పరారుణ కాంతిని నేలపైకి పంపి, తిరిగివచ్చే కాంతిని కొలుస్తుంది; నలుపు తక్కువ కాంతిని, తెలుపు ఎక్కువ కాంతిని వెనక్కి పంపుతాయి గనుక, రెండింటి మధ్య ఒక అంకెను హద్దుగా ప్రోగ్రామ్‌లో రాస్తారు. గదిలో చక్కగా పనిచేసిన ఆ హద్దు, వరండాలో మధ్యాహ్నపు ఎండ పడితే చెల్లకుండా పోతుంది, ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది గనుక. బండి గీత తప్పడం బోర్డు అవిధేయత కాదు, విద్యార్థి అలసత్వమూ కాకపోవచ్చు. ఎండ అతని వశంలో లేదు; ఇక్కడ దైవం అదే. కాని గదిలో తేల్చిన అంకె వరండాకూ సరిపోతుందని నమ్మింది మాత్రం అతనే.

అందుచేత పోటీలో బండి గమ్యం చేరిందా లేదా అన్నదొక్కటే చూసి మార్కులు వేసే పద్ధతి కన్నా, ఆ హద్దుకు ఆ అంకెనే ఎందుకు ఎంచుకున్నావని విద్యార్థిని అడిగే పద్ధతి మేలైనది. ఎందుకంటే బండి మొత్తంలో వేరొకలా ఉండగలిగిన నిర్ణయం ఆ అంకె దగ్గరే ఉంది, దానికి జవాబు చెప్పగలిగినవాడూ అక్కడే దొరుకుతాడు.