కీర్తికి కొలబద్ద ఏది?



ఒక మనిషి ఎంతటివాడో లెక్కపెట్టి చెప్పగలమా? చెప్పగలమనే అంటున్నారు నేటి యువకులు. ఇంటర్నెట్‌లో అతణ్ణి అనుసరించేవారు ఎందరు, అతని పేరు వెతికేవారు ఎందరు అన్న రెండు అంకెలు చాలునంటారు. స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు ఇనియెస్టా 2024లో ఆట మానుకున్నాడు. అయినా అతని పేరు ఇంకా ఎంత వెలుగుతున్నదో సెల్‌ఫోన్ తీసి చూపిస్తారు.

ఆ పేరు పక్కన మరొక పేరు పెట్టి చూడండి. తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో, మన తెలుగు నేల మీదనే పుట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందిన మన జట్టులో ఉన్నాడు. 1960లో రోములో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. 1962లో జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. అనారోగ్యం వల్ల ఇరవయ్యేడేళ్ళకే ఆట మానుకొని, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. అతని ఆటను ఇంటింటికీ చేర్చే టీవీ ఆనాడు లేదు. మన పిల్లల్లో ఎందరికి అతని పేరు తెలుసు? అంకె చిన్నదైతే మనిషీ చిన్నవాడేనా?

అసలు ఆ అంకె దేన్ని కొలుస్తున్నది? గూగుల్ చూపే వెతుకులాట పట్టికలో వంద అంటే వందమంది కాదు. ఆ కాలంలో ఎక్కువగా వెతికిన సమయాన్ని వందగా పెట్టి, మిగతా రోజులను దానితో పోల్చి చూపుతారు. అభిమానంతో వెతికారో, కోపంతో వెతికారో, మరణవార్త విని వెతికారో ఆ గీత చెప్పదు.

మన సీమ రైతుకు ఇది తెలిసిన సంగతే. వర్షమాపకం ఇన్ని మిల్లీమీటర్లని చెబుతుంది. రైతు మాత్రం చేనిలోకి పోయి, పిడికెడు మట్టి తీసి, పదునయిందా లేదా అని చూస్తాడు. గంటసేపు దంచికొట్టి వంకల పాలైన వానకు అంకె పెద్దది. రాత్రంతా సన్నగా పడి నేలలోకి ఇంకిన వానకు అంకె చిన్నది. శెనక్కాయ విత్తుకు అక్కరకొచ్చేది ఆ రెండవదే. వర్షమాపకం అబద్ధమాడలేదు. మనం అడిగిన ప్రశ్న వేరు, అది ఇచ్చిన జవాబు వేరు.

గౌరవం పుచ్చుకొనేవాని కంటే ఇచ్చేవాని చేతిలోనే ఎక్కువగా ఉంటుందని, మంచితనం మాత్రం మనిషి సొంతమని అరిస్టాటిల్ భావం. ఉన్నదాన్నిబట్టి మనిషికి ఎరుక కలుగుతుందే గాని, మనిషి ఎరుకవల్ల లేనిది పుట్టదని పునీత తోమాసు అక్వినాసు వివరించారు. కనుక మంచి ఉంటే పేరు రావచ్చు, పేరు వచ్చినంతమాత్రాన మంచి రాదు.

అయితే పేరు పనికిమాలినదా? కాదు. 2010 ప్రపంచ కప్ ఫైనల్లో 116వ నిమిషంలో గెలుపు గోల్ చేసిన ఇనియెస్టా, వెంటనే పై చొక్కా విప్పాడు. లోపలి బనియను మీద, అంతకు ముందు ఏడాది చనిపోయిన స్నేహితుడు డానీ హార్కే పేరు రాసి ఉంది. అలా విప్పినందుకు పసుపు కార్డు కూడా పుచ్చుకున్నాడు. లోకమంతా తనను చూస్తున్న క్షణంలో ఆ చూపును మరొకరి వైపు తిప్పాడు. పేరు ఒక దీపం. దాన్ని ఎటు తిప్పామన్నదే ప్రశ్న.

తల్లిదండ్రులారా, తన ఫోటోకు లైకులు తక్కువ వచ్చాయని మీ బిడ్డ ముఖం చిన్నబుచ్చుకొని కూర్చుంటే నవ్వి ఊరుకోకండి, కసురుకోకండి. పక్కన కూర్చొని, "ఈ రోజు నీవల్ల ఎవరికి మేలు జరిగింది?" అని అడగండి. ఆ జవాబుకు అంకె ఉండదు. పదును ఉంటుంది.