రెండో గడి

వడ్డాదిలో మావయ్య ఇంటి బోరుకీ, చెరకు చేలో బోరుకీ నీళ్ల పరీక్ష చేయించారు. రిపోర్టు వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశారు: "ఏటంటాదిరా ఆ కాయితం? తాగొచ్చా, మానియ్యాలా?"

ఇంజనీరింగ్ చదివాను కాబట్టి అవునో కాదో చెప్పేస్తానని ఆయన నమ్మకం. నేనూ అలాగే అనుకుని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 తెరిచాను. 2012లో సవరించిన ఆ పట్టికలో చాలా వాటికి హద్దు ఒకటి కాదు, రెండు. లీటరుకి మిల్లీగ్రాముల్లో కాఠిన్యం 200, పక్క గడిలో 600. కరిగిన లవణాలు 500, పక్కన 2000. ఫ్లోరైడ్ 1, పక్కన 1.5. రెండో గడి దేనికంటే, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించడానికి.

ఇంటి బోరు కాఠిన్యం రెండు గడుల మధ్య పడింది. "వేరే నీళ్లు దొరక్కపోతే తాగొచ్చంట మావయ్యా" అన్నాను.

"దొరికితే నిన్నెందుకు అడుగుతాన్రా?"

మంచి నీళ్లు అన్న మాట వాడకాన్ని బట్టి మారడంలో నాకు పేచీ లేదు. పప్పుని ఉడకనివ్వని కాల్షియమే చేలో సోడియం చేసే చెరుపుని అడ్డుకుని నేలని గుల్లగా ఉంచుతుంది. అందుకే సాగునీటిలో సోడియాన్ని కాల్షియం, మెగ్నీషియంలతో పోల్చి చూస్తారు. వంటింటికి పనికిరానివి చెరకుకి పనికిరావచ్చు.

రెండో గడి సంగతి అది కాదు. నీళ్లు అవే, తాగే ఒళ్లూ అలాంటిదే. మారింది తాగేవాడి గతి ఒక్కటే. ఊళ్లో ఇంకో బావి ఉందో లేదో ఎముకకి తెలీదు కదా! మన దేశంలో ఫ్లోరోసిస్‌ని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తర్వాత నల్గొండ పేరే ఆ జబ్బుకి గుర్తయింది. అక్కడి పల్లెల్లో రెండో గడిని కూడా దాటిన నీళ్లని దశాబ్దాల పాటు తాగారు, వేరేవి లేక.

అయితే ఆ గడిని కొట్టేద్దామా? కొట్టేస్తే దాహం ఆగదు. జనం ఆ నీళ్లే తాగుతారు. కాస్త చెడ్డవాటికీ బాగా చెడ్డవాటికీ మధ్య ఉన్న గీత కూడా పోతుంది. పైగా ప్రమాణం అన్నిటికీ సర్దుకుపోలేదు. నైట్రేట్‌కి 45 దాటితే సడలింపే లేదు. కాబట్టి రెండో గడిలో దయ ఉంది. నా అనుమానం దయ మీద కాదు, దానికి గడువు లేకపోవడం మీద.

మా ఆఫీసులో తప్పని తెలిసీ "ప్రస్తుతానికి" అంటూ కోడ్‌లో ఓ సర్దుబాటు పెడతాం. పైన, తర్వాత సరిచేయాలి అని కామెంట్ రాస్తాం. ఐదేళ్లకి అదే సిస్టమ్ అయిపోతుంది, కామెంట్ ఎవరూ చదవరు. అక్కడ పోయేది కాస్త మా నిద్ర. ఇక్కడ "ప్రస్తుతానికి" అన్న మాట ఒంట్లో పేరుకుంటుంది.

"వేరే వనరు లేనప్పుడు" అన్న షరతు తాగేవాడికి రాసిన అనుమతిలా కనిపిస్తుంది. నిజానికది నీళ్లు తేవాల్సినవాడు రాసిచ్చిన ప్రోనోటు. దాని మీద తేదీ వేయించడమే మన పని.

మావయ్యకి మళ్లీ ఫోన్ చేశాను. వానాకాలం వెళ్లాక ఇంకోసారి పరీక్ష చేయిద్దామన్నాను. ఈలోగా రెండు రిపోర్టులూ పట్టుకుని పంచాయతీకి వెళ్లి, వేరే నీళ్లు ఎప్పటికి వస్తాయో రాతపూర్వకంగా అడగమన్నాను.