చెరలోని చిన్నది చెప్పిన మాట

ధ్యానభాగము: 2 రాజులు 5:1–14



సిరియనులు ఇశ్రాయేలు దేశముమీద పడి దోచుకొనినప్పుడు ఒక చిన్నదానిని కూడ చెరపట్టుకొనిపోయిరి. ఆమె పేరు లేఖనములో లేదు. తన వారికి దూరమై, సిరియా సేనాధిపతియైన నయమాను ఇంట అతని భార్యకు దాసిగా ఉండెను. ఆ యజమానుడు కుష్ఠరోగి. “తగిన శాస్తి జరిగినది” అనుకొనుట లోకరీతి. ఆ చిన్నది అట్లనుకొనలేదు. షోమ్రోనులోని ప్రవక్తయొద్దకు వెళ్లినయెడల అతడు బాగుపడునని యజమానురాలితో చెప్పెను. నయమాను తెచ్చిన ఉత్తరము చూచి ఇశ్రాయేలు రాజు కలహము వచ్చెనని బట్టలు చింపుకొనెను. ఈ బిడ్డ మాటయో, శత్రువును స్వస్థతకు నడిపించెను.

ఈ మాట ఆమెకు చెరలో దొరకినది కాదు. చెరకు పోకమునుపే ఇంటిలో ఎవరో ఆమెకు దేవుని కనికరమును గూర్చి చెప్పియుండవలెను.

మొదటి ప్రపంచయుద్ధము 1918 నవంబరులో ఆగినను, జర్మనీ, ఆస్ట్రియాలకు ఆహారము చేరనియ్యని ఓడల దిగ్బంధము వెంటనే ఆగలేదు. అచ్చటి పిల్లలు ఆకలితో చిక్కిపోవుచుండిరి. ఒకప్పుడు బడిపంతులమ్మగా పనిచేసిన ఎగ్లంటైన్ జెబ్ అను ఆంగ్ల స్త్రీ 1919లో లండను నగరమున, ఆకలిగొన్న ఆస్ట్రియా పసిబిడ్డ చిత్రముతో కరపత్రములు పంచెను. అనుమతి లేదని ఆమెకు 5 పౌనుల జరిమానా పడెను. ఆమెకు విరోధముగా వాదించిన న్యాయవాదియే ఆ 5 పౌనులు ఆమె చేతికిచ్చెను! ఆ యేడే ఆమెయు ఆమె సహోదరియు ‘సేవ్ ది చిల్డ్రన్’ సంఘమును స్థాపించిరి. పిల్లల హక్కులను గూర్చి ఆమె వ్రాసిన ప్రకటనను 1924లో నానాజాతి సమితి అంగీకరించెను. శత్రువు బిడ్డయు బిడ్డయే అనుటయే ఆమె పట్టిన సత్యము.

ఇటీవలి సంవత్సరములలో ఉక్రెయిను, గాజా, సూడానులలో ఇండ్లును బడులును పోగొట్టుకొనిన పిల్లలను మన పిల్లలు ఫోనులలో చూచుచున్నారు. “ఇందులో మనవారెవరు?” అని అడుగుచున్నారు. మనమేమి చెప్పుదుము? పొలము గట్టు తగాదాలో “ఆ ఇంటి పిల్లలతో ఆడవద్దు” అని చెప్పు నోటితోనే సమాధానమును గూర్చి చెప్పినయెడల వారు నమ్ముదురా? పగ పిల్లలకు పుట్టుకతో రాదు. పెద్దల నోటినుండి వచ్చును.

కావున ఆదివారపు బడిలో ఇరుపక్షముల పిల్లల కొరకును పేరుపేరున ప్రార్థింప నేర్పుదము. ఇద్దరు కలహించినప్పుడు, ఒకరి బాధను రెండవవారి నోట చెప్పింతము. కోతపండుగనాడు మాటలు లేని ఇంటికి మొదటి గిన్నె మన పిల్లలచేతనే పంపుదము. ఎలీషా శత్రుసైనికులకు భోజనము పెట్టించి పంపివేసెను గదా (2 రాజులు 6:22, 23).

సమాధానపరచువారు దేవుని పిల్లలన్న పేరు పొందుదురని ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 5:9). ఆ పేరు మన బిడ్డలకు కలుగునట్లు ఆయన మన నాలుకలను కాపాడును గాక. ఆమేన్.