ఓడకు తలుపు ఉండెను

ధ్యానభాగములు: ఆదికాండము 8:15-19, యోబు 39, యోనా 4:11



చాల సంవత్సరముల క్రిందట, క్రిస్మస్ సెలవులలో, మా ఆదివారపు బడి పిల్లలను ఒక పట్టణములోని జంతు ప్రదర్శనశాలకు తీసికొని పోతిని. పులిహోర పొట్లములు, నీళ్ల కూజాలు, పాటలు, ఎంతో సంతోషముగా బయలుదేరితిమి. అచ్చట ఒక చిరుతపులి తన ఇనుప గదిలో ఈ గోడ నుండి ఆ గోడ వరకు నడచి, తిరిగి, మరల నడచుచుండెను. ప్రతి మారును ఒకే చోట తిరుగుటచేత అక్కడి సిమెంటు నేల నునుపెక్కి యుండెను. మాతో వచ్చిన పెద్దలలో ఒకరు వేరుసెనగ కాయ ఒకటి దానిమీదికి విసరిరి. పిల్లలు నవ్విరి. నేనును నవ్వితిని. ఎనిమిదేండ్ల బాలుడొకడు మాత్రము నా చొక్కా పట్టుకొని, "అయ్యగారూ, ఇది ఎక్కడికి పోదామని నడుస్తుంది?" అని అడిగెను. "దేవుడు జంతువులన్నిటిని మన కొరకే చేసెను గదా, చూచి సంతోషించు నాయనా" అని చెప్పి వానిని ముందుకు నడిపించితిని.

నేను చెప్పినది తప్పు. ఆలస్యముగానైనను ఆ బాలునికి సరియైన జవాబు చెప్పవలెనని ఈ మాటలు వ్రాయుచున్నాను.

జంతువులు మన కొరకే చేయబడినవని లేఖనము చెప్పుచున్నదా? నరునికి ఏలుబడి ఇయ్యబడిన మాట నిజమే. కాని యోబు గ్రంథపు ముప్పదితొమ్మిదవ అధ్యాయము తీసి చదువుడి. సుడిగాలిలో నుండి దేవుడు యోబును ప్రశ్నించునప్పుడు చూపిన జంతువులలో చాలవరకు మనుష్యునికి ఏ పనికిని రానివే. కొండమేక ఎప్పుడు ఈనునో యోబునకు తెలియదు. అడవిగాడిద పట్టణపు సందడిని లక్ష్యపెట్టదు. దాని కట్లు విప్పినది దేవుడే, దానికి ఉప్పునేలను ఇల్లుగా ఇచ్చినదియు ఆయనే. వాటిని యోబు కొరకు చేసితినని దేవుడు ఒక్క మాటయైనను అనలేదు. ఆయన వాటియందు ఆనందించుచున్నాడు, అంతే. ఆ అడవిగాడిద జాతికి చెందినవి నేటికిని గుజరాత్‌లోని కచ్ ఉప్పునేలలలో స్వేచ్ఛగా తిరుగుచున్నవి.

సింహములను బంధించి ఉంచుట రాజులకు పురాతన వాడుక. అష్షూరు రాజైన అషుర్‌బనిపాలు బోనులో నుండి సింహమును విడిపించి వేటాడుట రాతిలో చెక్కబడి నేటికిని లండనులో ఉన్నది. దానియేలు పడద్రోయబడిన గుహలోనివియు రాజు ఉంచిన సింహములే. దేవుడు వాటి నోళ్లు మూయించెనని మనము తరచుగా ప్రసంగింతుము గాని, వాటిని ఆ గుహలో ఆకలితో ఉంచినది ఎవరని ఎన్నడును అడుగము.

అయితే మూసి ఉంచుట యావత్తు పాపమా? అట్లు చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. ఏలయనగా దేవుడే ఒకసారి జంతువులను మూసి ఉంచెను. నోవహు ఓడ ఇరుకైనది, చీకటిది, దుర్వాసన గలది అయి యుండును. కాని ఆ ఓడ ప్రక్కను తలుపు ఉండెను. నీళ్లు ఇంకిపోయిన దినమున, వాటిని బయటికి తీసికొని రమ్మని, అవి భూమిమీద విస్తరించి వృద్ధి పొందవలెనని దేవుడు నోవహునకు సెలవిచ్చెను. జంతు ప్రదర్శనశాలలు నడుపువారు తమ స్థలమును ఓడతో పోల్చుట కద్దు. మంచి పోలికయే. కావున మనము ఆ పోలికనే పట్టుకొని, ఈ ఓడకు తలుపు ఉన్నదా అని అడుగుదము.

కొన్నిటికి ఉన్నది. అస్సాము గడ్డిమైదానములలో ఉండు మరుగుజ్జు అడవిపంది ఒక జానెడు పైచిలుకు ఎత్తు గల చిన్న ప్రాణి. అది నశించెనని జనులు తలంచుచుండగా 1971లో మరల కనబడెను. 1996లో మానస్ అడవిలో నుండి ఆరింటిని పట్టి తెచ్చి పెంచిరి. 2008 మొదలుకొని వాటి సంతానమును తిరిగి గడ్డిలోనికి విడుచుచున్నారు. విడుచుటకు ముందు వాటిని మనుష్యులు అంతగా కనబడని గడ్డి ఆవరణములలో కొన్ని నెలలు ఉంచుదురు. మనలను చూచి దగ్గరకు వచ్చు అలవాటు అడవిలో వాటికి మరణము గనుక, ప్రేమగల సంరక్షకుడు తన్ను మరచిపోవునట్లు వాటికి నేర్పవలెను. నేను ఇది చదివినప్పుడు యోహాను బాప్తిస్మకుడు తాను తగ్గవలెనని చెప్పిన సంగతి జ్ఞాపకమునకు వచ్చినది.

మన తూర్పు పొరుగున ఒడిశాలో నందనకానన్ ఉన్నది. ఘరియాల్ మొసలి మన నదులలో దాదాపు అంతరించిన దినములలో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జంతుశాల నుండి ఒక మగ మొసలిని తెచ్చి, 1980లో లోకములో మొదటిసారిగా బంధములో ఆ జాతి పిల్లలను పొదిగించిరి. చంబల్ వంటి నదుల ఒడ్డున గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలు కొంత పెరిగిన తరువాత మరల నదిలోనికి విడుచు పని అంతకు ముందే మొదలై యుండెను. నదిలో నీరును ఇసుక తిన్నెలును మిగిలిన చోట ఆ తలుపు తెరువబడినది. అవి మిగులని చోట తలుపు తెరచియు ప్రయోజనము లేదు.

తలుపు లేని ఓడ యొకటి మన దేశమునందే కట్టబడెను. 1951లో రీవా మహారాజు మోహన్ అను తెల్లపులి పిల్లను పట్టించెను. తెల్లని పిల్లలు కావలెనని దానిని దాని కుమార్తెతోనే జతపరచిరి. 1958లో తెల్లని పిల్లలు పుట్టెను. లోకమందలి జంతుశాలలలోని తెల్లపులులు అధికభాగము ఆ వంశపువే. ఆ రంగు తెచ్చు లక్షణమే వాటి కన్నులనుండి మెదడునకు పోవు నరములను చెరుపుటచేత అనేకములకు మెల్లకన్ను కలదు. దగ్గర రక్తపు సంబంధములచేత మరి ఇతర బలహీనతలును వచ్చినవి. వాటిని విడుచుటకు అడవి లేదు, విడువవలెనను ఉద్దేశమును లేదు. అవి చూచువాని కన్నుల కొరకు పుట్టింపబడినవి. నేను ఆ బాలునికి చెప్పిన జవాబు నిజముగా అమలు జరిగినచో ఎట్లుండునో చూడగోరువారు వాటిని చూడవచ్చును.

ఇక ఒంటరితనమును గూర్చి. 1985లో శ్రీలంక ప్రభుత్వము పాకిస్తానునకు కావన్ అను ఏనుగు పిల్లను బహుమానముగా ఇచ్చెను. ఇస్లామాబాదు జంతుశాలలో అది పెరిగెను. దాని తోడైన సహేలీ 2012లో మరణించిన తరువాత అది ఒంటరియై, గంటల తరబడి తల అటు ఇటు ఊపుచు నిలుచుండెను. ఏనుగు ఆడజాతి పెద్దల వెంట గుంపుగా బ్రదుకు ప్రాణి. మగది పెద్దదైన తరువాత వేరైనను తోటి ఏనుగుల జాడలోనే తిరుగును. నరుడు ఒంటరిగా ఉండుట మంచిది కాదని ఆదియందే పలికిన దేవుడు, నరునికి తోడు ఇచ్చుటకు ముందు జంతువులన్నిటిని ఆదాము నొద్దకు రప్పించెనని ఆదికాండము రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ రెండు సంగతులు ఒకే చోట వ్రాయబడుట ఊరకయే కాదని నా నమ్మకము. 2020 మే నెలలో ఇస్లామాబాదు హైకోర్టు, ఈ మూగజీవికిని హక్కులు కలవనియు, దానిని తగిన ఆశ్రయమునకు పంపవలెననియు తీర్పు చెప్పెను. ఆమిర్ ఖలీల్ అను పశువైద్యుడు దాని భయము పోగొట్టుటకై దాని ప్రక్కన నిలువబడి పాటలు పాడుచుండెను. ఆ సంవత్సరము నవంబరు నెలాఖరున అది విమానములో కంబోడియా దేశపు ఆశ్రయమునకు చేరెను. అచ్చట కంచె అవతలి ఏనుగొకటి తొండము చాపగా, కావన్ తన తొండముతో దానిని తాకెను. ఎనిమిదేండ్లలో అదే మొదటిసారి. ఆ ఛాయాచిత్రమును చూచి నేను చాలసేపు పుస్తకము తెరువలేకపోతిని.

ఆశ్రయము అడవి కాదు, ఇదియు చెప్పవలెను. మన దేశమున కలందరులు ఆడించిన ఎలుగుబంట్లను చూచినవారు మనలో ఉన్నారు. కాల్చిన ఇనుప సూదితో ముట్టెకు రంధ్రము చేసి, త్రాడు ఎక్కించి, పండ్లు విరుగగొట్టి ఆడించుచుండిరి. 2009 నాటికి ఆ ఆట అంతమొందెను. ఆ ఎలుగులు ఆగ్రా మొదలగు చోట్ల ఆశ్రయములలో చేర్చబడినవి. పండ్లు లేని ఎలుగు అడవిలో బ్రదుకజాలదు. కనుక జీవితాంతము దానికి గంజియు పండ్లును మనుష్యులే పెట్టవలెను. మనము చెరిపినదానిని దేవుడు క్షమించును గాని, విరిగిన పన్ను మరల మొలవదు. అట్టివాటికి ఆశ్రయమే న్యాయము. ఎలుగులతోపాటు కలందరు కుటుంబములకును వేరొక జీవనోపాధి చూపిరి. చూపకపోయినయెడల ఆ కార్యము సగమే అయి యుండును.

అడవి సంగతియు ఏదెనువలె వర్ణింపరాదు. గిర్ అడవిలో ఆసియా సింహములు ఒకప్పుడు కొన్ని పదులు మాత్రమే మిగిలి యుండెను; 2025 లెక్కలో 891 తేలినవి. అది కృతజ్ఞతాస్తుతులకు కారణమే. అయినను అన్నియు ఒక్క ప్రాంతముననే ఉన్నవి. 2018లో తెగులు వచ్చినప్పుడు కొన్ని వారములలో ఇరువదికి పైగా చనిపోయెను. కొన్నిటిని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి మార్చవలెనని సుప్రీంకోర్టు 2013లోనే ఆజ్ఞాపించెను. ఆ సింహముల కొరకు అంతకు ముందే అచ్చటి 24 గ్రామములు ఖాళీ చేయబడెను. ఆ గ్రామస్థులలో అధికులు సహరియా గిరిజనులు. సింహములు రాలేదు, 2022లో ఆఫ్రికా నుండి చీతాలు వచ్చెను. జంతువు పేరట బీదవాని పొయ్యిరాళ్లు కదల్చినప్పుడు కనీసము ఆ మాటయైనను నిలుపుకొనవలదా? నీనెవెలోని పసివారిని, పశువులను దేవుడు ఒకే ఊపిరిలో లెక్కించెను. ఒకరిని చూపి మరియొకరిని మరచుట ఆయన పద్ధతి కాదు.

ఇప్పుడు ఆ చిరుతపులి. విశాలముగా సంచరించు మాంసాహార జంతువులలోనే బోనులోని ఈ అటునిటు నడకయు, పిల్లల మరణములును అధికమని 2003లో ప్రచురింపబడిన పరిశోధన యొకటి తేల్చెను. నాయనా, అది ఎక్కడికో పోదామని నడచుటలేదు. పోవలసిన దూరము దాని కాళ్లలో మిగిలిపోయినది. ఆ దినమున నేను నీకు చెప్పవలసినది ఇదే.

రాబోవు జనవరిలో మా సంఘపు పిల్లలను మరల తీసికొని పోవుటకు ఏర్పాటగుచున్నది. వద్దని కొందరు అనిరి; పోవలెననియే నా అభిప్రాయము, ఎన్నడును చూడనిదానిని గూర్చి పిల్లలు ఎట్లు చింతింతురు? ఈసారి గేటు వద్ద నిలిచి యోబు ముప్పదితొమ్మిది చదువుదుము. వేరుసెనగ కాయలు తేకూడదు. ఒక్కొక్క బిడ్డయు అక్కడి కాపరిని గౌరవముగా రెండు సంగతులు అడుగవలెనని చెప్పియున్నాను: ఇది ఎక్కడ పుట్టినది, దీని పిల్లలు ఎక్కడికి పోవును? కాపరులు సాధారణముగా సంతోషముతో చెప్పుదురు. వారిని అడుగువారు తక్కువ. పిల్లలు తెచ్చిన జవాబులను ఆ వచ్చు ఆదివారము ఆరాధనలో చదివి, వాటిని బట్టి ప్రార్థన చేయుదుము.