రెండు దారుల అక్షరం

ద్విపద రాయడం నాకిష్టం. గోమూత్రికా బంధంలో రాయడం మరీ ఇష్టం. ఎద్దు నడుస్తూ మూత్రం పోస్తే నేలమీద పడే వంకర చారను బట్టి వచ్చిన పేరది. రెండు పాదాలూ ఒకదాని కింద ఒకటి రాస్తే రెండు, నాలుగు, ఆరు ఇలా సరిస్థానాల్లోని అక్షరాలు పైనా కిందా ఒకటే కావాలి. అప్పుడు పై పాదంలో మొదటి అక్షరం, కింది పాదంలో రెండోది, మళ్ళీ పైన మూడోది అంటూ వంకరగా చదువుతూ పోయినా పై పాదమే వస్తుంది.

రెండో అక్షరం ఉమ్మడిది కనుక ప్రాస దానంతటదే కుదురుతుంది. చిక్కంతా గురులఘువులతోనే. ఉమ్మడి అక్షరం ‘ల’ అనుకుందాం. పైన దాని పక్కన ‘త’ పడితే ‘లత’, ‘ల’ లఘువు. కింద ‘క్ష’ పడితే ‘లక్ష’. అదే ‘ల’ గురువైపోతుంది. పైన నిలిచిన గణం కింద చెడుతుంది. అక్షరం మారలేదు, పక్కనున్నది మారింది. తన బరువెంతో అక్షరం ఒక్కటే తేల్చుకోలేదు. మనిషి సంగతీ అంతేనని నా నమ్మకం. ఇంట్లో నోరు మెదపనివాడే స్నేహితుల మధ్య గలగలా మాట్లాడతాడు. ఇద్దరిలో ఎవరు అసలువాడని అడగడంలో అర్థం లేదు.

దండి కావ్యాదర్శంలో ఈ బంధానికి లక్షణం చెప్పాడు. ఆనందవర్ధనుడు మాత్రం ధ్వన్యాలోకంలో ఇలాంటి బంధాలతో కూడిన చిత్రకవిత్వాన్ని కావ్యానికి అనుకరణగానే లెక్కగట్టాడు. గడి నింపడానికి నిఘంటువులోంచి మాట ఏరుకొచ్చిన పద్యాలు చదివితే ఆయన కోపం న్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ తప్పు ఆకారానిది కాదు, తొందరది. పై పాదానికి చటుక్కున తోచిన మాట కింది పాదానికి పనికిరాదు. దాన్ని వదులుకుని, రెండు అర్థాలకూ నిజంగా కావలసిన మాట దొరికేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే నేను చెప్పదలచుకున్నదేమిటో నాకు తేటపడుతుంది.

ద్విపద పాడుకోవడానికి పుట్టింది. రంగనాథ రామాయణం, పల్నాటి వీరచరిత్ర ఆ ఛందస్సులోవే. పాడినప్పుడు బంధం చెవికి అందదు. అందుకే నా ద్విపదను ముందు ఆకారం సంగతి చెప్పకుండా పాడి వినిపిస్తాను. విన్నవాళ్ళకు అది మంచి పద్యంగా తోస్తేనే ఉంచుతాను. ఆకారం రాసేవాడికి శిక్షణ. వినేవాడికి దక్కాల్సింది పద్యమే.