పంటి నొప్పి ఏ జన్మ పాపం?



భావనపాడు నుంచి రాస్తున్నాను. ఈసారి మాట్లాడబోయేది పంటి నొప్పి గురించి. నవ్వకండి. ధమ్మం మన ఒంటికి దిగిందా, నోటి దగ్గరే ఆగిపోయిందా అన్నది ఒక్కోసారి పన్నే చెబుతుంది.

కింది దవడలో నా పన్ను ఒకటి మూడు నెలలు సలిపింది. లవంగం నొక్కిపెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, తిరుగుతూనే ఉన్నాను. ఒక సాయంత్రం అరుగు మీద దవడ పట్టుకుని కూర్చుంటే మా వీధిలో పెద్దమ్మ ఒకామె చూసి, “ఏ జన్మలో ఎవుల నోటికాడ కూడు లాగీసినావో నాయినా, అనుభవించాల” అంది. దీక్ష తీసుకున్న మనిషిని కదా, ఆమెతో గట్టిగానే వాదించాను.

కానీ ఆ రాత్రి ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. పూర్వజన్మ కర్మను నమ్మని నేను మూడు నెలలు ఎందుకు ఓర్చుకున్నాను? పనులున్నాయి, సభలున్నాయి అన్నది సాకు. నొప్పిని తట్టుకోవడం గొప్ప అని లోపల ఎక్కడో నమ్ముతున్నాను. మన తాతలు ఆకలిని ఓర్చుకున్నారు, దెబ్బల్ని ఓర్చుకున్నారు. వేరే దారి లేక ఓర్చుకున్నారు. ఆ ఓర్పుకే ధర్మమని పేరు పెట్టినవాళ్లు మన మేలు కోరినవాళ్లు కారు.

మరి ధమ్మం ఏం చెబుతుంది?

సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడుగుతాడు. మనిషి పడే ప్రతి బాధా వెనకటి కర్మ ఫలమేనా అని. కాదంటాడు బుద్ధుడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి దెబ్బ తగలడం అంటూ ఏడు కారణాలు చెప్పి, ఎనిమిదోదిగా కర్మ ఫలాన్ని చెబుతాడు. అన్నీ పాత కర్మే అనేవాళ్లు, అందరికీ తెలిసిన నిజాన్ని దాటిపోతున్నారంటాడు. ఆ ఎనిమిదోదాన్ని కూడా పూర్వజన్మకు ముడిపెట్టకూడదని బాబాసాహెబ్ 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో వాదించాడు. పుట్టుకతోనే నీ రాత ఇంతే అనే మాటను ఆయన ఒప్పుకోలేదు.

కాబట్టి నా పన్ను పుచ్చింది తీపి వల్ల, సరిగా తోముకోకపోవడం వల్ల. కారణం తెలిస్తే వైద్యం ఉంటుంది. టెక్కలి వెళ్లి రూట్ కెనాల్ చేయించుకున్నాను. పంటి లోపల కుళ్లిన గుజ్జునూ నరాన్నీ తీసేసి, వేళ్లలోని సన్నటి దారుల్ని శుభ్రం చేసి, గట్టాపెర్చా అనే పదార్థంతో నింపి మూస్తారు. అంతే.

అసలు పరీక్ష తర్వాత మొదలైంది. రెండు రోజులు పడుకోవడానికి నాకు సిగ్గేసింది. ‘సుఖం’ అనే మాట మనకు ఇంకా పరాయిదే. కానీ వినయ పిటకం మహావగ్గంలో, సేవ చేయడానికి వీలైన రోగికి అయిదు లక్షణాలు చెప్పారు. తనకు మేలు చేసేది చేయాలి. అందులో మితం తెలియాలి. మందు వేసుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నొప్పిని ఓర్చుకోవాలి. వరస చూశారా? ఓర్పు అయిదోది. మనం దాన్ని మొదట పెట్టుకుని మిగతా నాలుగూ వదిలేశాం.

మొదటిది, మేలు చేసేది చేయడం. మత్తు దిగేదాకా ఏమీ తినకూడదు. తిమ్మిరిలో బుగ్గ, పెదవి కొరుక్కుంటాం. తర్వాత గోరువెచ్చని గంజి, చోడంబలి, పెరుగన్నం, ఇడ్లీ చాలు. నమలడం రెండో వైపు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి మెల్లగా పుక్కిలించాలి. ఉప్పుకు మనకేం కొరత, నౌపడ మళ్లు పక్కనే ఉన్నాయి. పడుకునేటప్పుడు తల కాస్త ఎత్తులో ఉంటే సలుపు తగ్గుతుంది. పళ్లు తోమడం మానకూడదు, మెల్లగా తోమాలి.

రెండోది మితం. ఇక్కడ నేను తప్పాను. రెండో రోజుకే లేచి, ఒకరింట్లో జంతిక కొరికాను. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు విరిగింది, మళ్లీ బస్సెక్కాను. నొప్పి పోయింది కదా అని పని అయిపోయినట్టు కాదు. వెనక పన్నుకైతే సాధారణంగా తొడుగు వేయించుకోమంటారు. లేకపోతే పన్ను చిట్లిపోవచ్చు.

మూడోది మందు. చెప్పినన్ని రోజులు, చెప్పినంత వేసుకోవాలి. తగ్గిందని మధ్యలో ఆపడం, పక్కింటివాళ్ల బిళ్లలు మింగడం రెండూ తప్పే.

నాలుగోది నిజం చెప్పడం. బంధువులారా, మన ప్రాంతంలో ఇది ప్రాణం మీది మాట. పక్కనే ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచింది అందుకే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి హాని చేయగలవు. కిడ్నీ జబ్బు, షుగరు, బీపీ, గర్భం ఏదున్నా పంటి డాక్టరుకు ముందే చెప్పండి. ఆయన వేరే మందు రాస్తారు. అడ్డపొగ తాగే మన అమ్మలు సిగ్గుపడి దాచొద్దు. ఆ పొగ అంగిలికి క్యాన్సర్ తేగలదు, పుండు మాననివ్వదు. మద్యం సంగతి పంచశీలే చెప్పింది.

ఇక అయిదోది ఓర్పు. రెండు మూడు రోజులు కొరికితే నొప్పి ఉంటుంది. అది మామూలే, అది ఓర్చుకోవాలి. బాణం తగిలినవాడు తనకు తనే రెండో బాణం గుచ్చుకోవడం గురించి బుద్ధుడు చెప్పాడు. ‘నాకే ఎందుకు, ఏ పాపం చేశానో’ అనుకోవడమే ఆ రెండో బాణం. అది వద్దన్నాడు. అలాగని మొదటి బాణాన్ని పీకొద్దనలేదు. బాణం వేసినవాడి కులమేదో తెలిసేదాకా వైద్యుణ్ణి ముట్టనివ్వనన్నవాడు చచ్చిపోతాడని కూడా ఆయనే చెప్పాడు. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, రోజులు గడిచేకొద్దీ నొప్పి ఎక్కువవుతున్నా ఓర్పు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే ఒక్క గంట కూడా ఆగొద్దు.

చివరగా ఒక మాట. నేను రెండు రోజులు పడుకోగలిగాను, ఇల్లు గడిచింది. ఉప్పు మళ్లలో కూలికి వెళ్లే ఆడమనిషి, వేటకెళ్లే మనిషి పడుకుంటే పొయ్యి వెలగదు. వాళ్లకి ‘విశ్రాంతి తీసుకో’ అంటే అది సలహా కాదు, వెక్కిరింత. మతం పేదరికాన్ని పవిత్రం చేయకూడదని బాబాసాహెబ్ 1950లోనే రాశాడు. నొప్పిని కూడా పవిత్రం చేయకూడదు.

మన జిల్లాలో దంతవరపుకోట ఉంది. బుద్ధుని దంతధాతువు లంకకు వెళ్లకముందు పూజలందుకున్న దంతపురం అదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. సంతోషమే. కానీ తన మలంలో తనే పడివున్న జబ్బు భిక్షువును ఆనందుడితో కలిసి కడిగిన బుద్ధుడు, తనకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయమన్నాడు. ఆ లెక్కన ఆయన పంటికి పూజ కంటే పక్కింటి మనిషి పంటికి వైద్యమే పెద్ద వందనం.

మీ వాడలో ఎవరైనా పన్ను చూపించుకోవడానికి వెళ్తే, ఆదివారం వందనకు కూర్చున్నప్పుడు వాళ్ల పేరు తలుచుకోండి. ఒకరు తోడు వెళ్లండి. ఒకరు అంబలి కాచి ఇవ్వండి. కూలి పోయిన రెండు రోజులకు తలో పది రూపాయలు వేయండి. మా పెద్దమ్మకి ఇప్పుడు రెండు పళ్లు కదులుతున్నాయి. ఈసారి నేను వాదించలేదు. “సోమవారం టెక్కలి వెళ్దాం, నేనూ వస్తాను” అన్నాను. చాలాసేపు చూసి, “బస్సు ఎన్నింటికిరా?” అంది.

జై భీమ్!