నమ్మడమంటే ఏం చెయ్యడం?

‘అన్‌బిలీవబుల్’ అనే అమెరికన్ టీవీ ధారావాహికను ఈ మధ్య రెండోసారి చూశాను. 2019 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఎనిమిది భాగాల నేర పరిశోధన కథ ఇది. నేరకథను రెండోసారి చూడటంలో ఒక సౌలభ్యం ఉంది. నేరస్థుడెవరో, ఎలా దొరుకుతాడో ముందే తెలుసు గనక ఉత్కంఠ పక్కకు తప్పుకుంటుంది. మనుషులు ఒకరి మాట ఒకరు ఎలా వింటున్నారన్నది అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఈసారి నన్ను పట్టి నిలిపిన దృశ్యాలన్నీ అలాంటివే. ఒక గదిలో ఒకరు చెబుతుంటారు, ఎదురుగా ఒకరు వింటుంటారు. ఆ వినే తీరును బట్టి ఒక అమ్మాయి బతుకు ఎటు పోవాలో తేలిపోతుంది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా. 2008లో వాషింగ్టన్ రాష్ట్రంలోని లిన్‌వుడ్ పట్టణంలో మారీ అనే పద్ధెనిమిదేళ్ల అమ్మాయి పోలీసులకు ఫిర్యాదు చేస్తుంది. తెల్లవారుజామున ఒకడు ఇంట్లోకి చొరబడి, కట్టేసి, కత్తితో బెదిరించి అత్యాచారం చేశాడని, ఫొటోలు తీశాడని చెబుతుంది. ఆమె ఒక పెంపుడు ఇంటి నుంచి ఇంకో పెంపుడు ఇంటికి మారుతూ పెరిగిన పిల్ల. వారం తిరక్కుండానే పోలీసులు అదంతా కట్టుకథ అని ఆమె చేతే రాయించుకుంటారు. ఆపైన తప్పుడు ఫిర్యాదు చేసిందని ఆమె మీదే కేసు పెడతారు. 2011లో కొలరాడో రాష్ట్రంలో కరెన్ డువాల్, గ్రేస్ రాస్ముసెన్ అనే ఇద్దరు మహిళా డిటెక్టివ్‌లు వరుస అత్యాచారాలు చేస్తున్న ఒక వ్యక్తిని పట్టుకుంటారు. అతని దగ్గర దొరికిన ఫొటోల్లో మారీ ఉంటుంది.

ఈ కథకు ఆధారం నిజంగా జరిగిన సంఘటనలే. టి. క్రిస్టియన్ మిల్లర్, కెన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రాసిన పరిశోధనాత్మక కథనాన్ని ప్రోపబ్లికా, మార్షల్ ప్రాజెక్ట్ సంస్థలు 2015 డిసెంబరులో ప్రచురించాయి. దానికి 2016లో పులిట్జర్ బహుమతి వచ్చింది. సుసానా గ్రాంట్ తదితరులు దాన్నే ధారావాహికగా మలిచారు.

మొదటి భాగంలో మారీ (కైట్లిన్ డెవర్) తనకు జరిగింది ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తుందో గమనించండి. ముందు ఇంటికొచ్చిన పోలీసుకు, తర్వాత డిటెక్టివ్ పార్కర్‌కు, ఆసుపత్రిలో నర్సుకు, మళ్లీ స్టేషన్‌లో. చివరికి దాన్నే కాగితం మీద పెట్టమంటారు. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక చిన్న విషయం ముందువెనకలవుతుంది. కట్లు తెంపుకున్నాక స్నేహితుడికి ఫోన్ చేసిందా, తెంపుకోకముందే చేసిందా? రెండురోజుల తర్వాత ఆ తేడాలన్నీ ఆమె ముందు పరుస్తారు. పార్కర్ అరవడు, కొట్టడు. అలసిపోయిన గొంతుతో, మర్యాదగానే అడుగుతాడు. ఆ గదిలోంచి బైటపడటానికి ఆ పిల్లకు కనిపించిన ఒకే ఒక్క తలుపు, తాను అబద్ధం చెప్పానని ఒప్పుకోవడం. ఆ తలుపే తెరుచుకుని వెళ్లిపోతుంది.

ఈ దృశ్యాన్ని ఒక సాహిత్య పరిశోధకురాలిగా చూసినప్పుడు నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. మన సాహిత్య తరగతుల్లో చైతన్య స్రవంతి గురించి గంటలకొద్దీ మాట్లాడతాం. నవీన్ ‘అంపశయ్య’ లాంటి నవలల్లో కాలం వరస తప్పడాన్ని, జ్ఞాపకం ముక్కలుగా రావడాన్ని మనసు పనిచేసే తీరుకు దగ్గరి రూపంగా చదువుతాం. స్త్రీల ఆత్మకథల్లోని ఖాళీల్లో, మౌనాల్లో అర్థాలు వెతుకుతాం. దెబ్బతిన్న మనసు వరసగా చెప్పదని విమర్శకులకు తెలుసు. అదే కథనం పోలీసు బల్ల మీదికొచ్చేసరికి అందులోని ప్రతి ఖాళీ అబద్ధానికి రుజువవుతుంది. పైగా ఆ ఖాళీల్లో చాలావాటిని సృష్టించింది ఆ విచారణే. ఒకే మాటను అయిదుసార్లు చెప్పించి, అయిదు పాఠాలను పక్కపక్కన పెట్టి, తేడాలున్నాయి గనక కల్పితమని తీర్మానించారు. అపనమ్మకం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారుచేసుకుంది.

అపనమ్మకం పోలీసుల దగ్గర మొదలు కాలేదన్నది మరింత బాధ కలిగించే విషయం. మారీని కొంతకాలం పెంచిన ఒక తల్లి డిటెక్టివ్‌కు తన అనుమానం చెబుతుంది. ఆమె చెడ్డ మనిషేం కాదు, మారీ మీద ప్రేమ ఉన్న మనిషే. కాకపోతే మారీ ప్రవర్తన ఆమెకు తెలిసిన దుఃఖంలా లేదు. అసలు కథనంలో ఒక చిన్న సంగతి ఉంది. ఆ ఘటన తర్వాత కొత్త దుప్పట్లు కొనడానికి వెళ్లినప్పుడు, మునుపు తన మంచం మీద ఉన్నలాంటివే దొరకలేదని మారీకి కోపం వచ్చిందట. అత్యాచారం జరిగిన దుప్పట్లలాంటివే మళ్లీ ఎవరైనా కోరుకుంటారా అని వెంట వెళ్లిన తల్లికి సందేహం వచ్చింది. ఇల్లంటూ లేకుండా పెరిగి, మొదటిసారి తనదంటూ ఒక గది అమర్చుకున్న అమ్మాయికి ఆ గది ఎలా ఉండేదో అలాగే కావాలనిపించి ఉండవచ్చని ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు. బాధితురాలు ఇలా ఏడవాలి, ఇలా వణకాలి, ఇలా ముడుచుకుపోవాలి అని మన అందరి బుర్రల్లో ఒక పాత్ర ఉంది. నిజమైన మనిషి ఆ పాత్రలో ఇమడకపోతే మనిషినే అనుమానిస్తాం.

రెండో భాగంలో డువాల్ (మెరిట్ వీవర్) ఆంబర్ అనే విద్యార్థినితో మాట్లాడే దృశ్యం దీనికి పక్కన పెట్టి చూడాల్సింది. ఎక్కడ కూర్చుని మాట్లాడితే నీకు బావుంటుందని అడుగుతుంది. ముఖం మీంచి నమూనా తీసుకునేముందు అనుమతి తీసుకుంటుంది. ఆంబర్ కూడా ఏడవదు, మారీలాగే నిబ్బరంగా ఉంటుంది. ఆ నిబ్బరాన్ని డువాల్ లెక్కలోకి తీసుకోదు. చెప్పినదాన్ని మాత్రం అక్షరం పోకుండా రాసుకుంటుంది. అతని పిక్క మీద ఉన్న మచ్చ ఒకటి ఆంబర్‌కు గుర్తుంది. ఆ రాత్రి డువాల్ ఇంటికెళ్లి ఈ కేసు గురించి చెబితే, పక్క ఊరి స్టేషన్‌లో పనిచేసే భర్త అలాంటిదే తమ దగ్గరా ఉందంటాడు. అక్కడినుంచి పాత ఫైళ్లు, నిఘా కెమెరాల దృశ్యాలు, రోజులకు రోజులు చాకిరీ. ఈ భాగాల్లో వీరోచితమైన ఘట్టాలు తక్కువ. ఎక్కువగా కాగితాలు, కళ్లమంటలు, ఫోన్ కాల్సూ.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న ఎదురైంది. డువాల్ ఆంబర్‌ను నమ్మింది, పార్కర్ మారీని నమ్మలేదు అంటున్నాం. ఈ ‘నమ్మడం’ అంటే ఏమిటి? అది ఒక భావమా? తీర్పా? తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వచ్చిన ‘ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్’ అనే పుస్తకంలో, చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి వినేవాళ్లు ఆ మాట విలువను తగ్గించడాన్ని ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించింది. మారీకి జరిగింది సరిగ్గా అదే. అయితే ఫ్రికర్ ఎంచుకున్న ముఖ్యమైన ఉదాహరణ మనల్ని ఆలోచనలో పడేస్తుంది. అది హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లోని టామ్ రాబిన్సన్. ఒక తెల్ల యువతి చేసిన అత్యాచార ఆరోపణకు బలైన నల్లజాతి మనిషి. ఆ కోర్టులో ఎవరూ నమ్మని మాట అతనిది.

స్త్రీ చెప్పింది గనక నమ్మాలి అని ఆగిపోతే టామ్ రాబిన్సన్‌కు మనం ఏం జవాబు చెబుతాం? కులం కత్తిలా వేలాడే మన సమాజంలో ఈ ప్రశ్న మరీ దూరపుది కాదు. నమ్మకాన్ని తీర్పుగా అర్థం చేసుకున్నంతకాలం దీన్నుంచి బైటపడలేం. ఆమెను నమ్మితే అతను దోషి, అతన్ని నమ్మితే ఆమె అబద్ధాలకోరు. డువాల్ చేసిన పనిలో నాకు ఇంకో దారి కనిపిస్తుంది. ఆమెకు నమ్మడమంటే, విన్న మాటను పరిశోధనకు మొదటి మెట్టుగా తీసుకోవడం. ఆ మాటను నిలబెట్టే బరువు చెప్పినవాళ్ల భుజం మీంచి తీసి, విన్నవాళ్లు తమ భుజానికి ఎత్తుకోవడం. అలాంటి పరిశోధన టామ్ రాబిన్సన్‌కు హాని చెయ్యదు సరికదా, అతన్ని కాపాడేది కూడా అదే. ఇద్దరినీ మోసం చేసేది వెతకడం మానేసే సోమరితనం. పార్కర్ అపనమ్మకం వల్ల జరిగిన మొదటి పని ఫైలు మూసెయ్యడం. అపనమ్మకం ఎప్పుడూ చవకగా దొరుకుతుంది. 2008 నుంచి 2012 వరకు లిన్‌వుడ్ పోలీసులకు అందిన 47 అత్యాచార ఫిర్యాదుల్లో 10 నిరాధారమని తేల్చారని ఆ కథనం లెక్కగట్టింది. అంటే ప్రతి అయిదింటిలో ఒకటి. అంతే జనాభా ఉన్న ఇతర పట్టణాల సగటు 4.3 శాతం.

ఏడో భాగంలో మారీ కోర్టు ఆదేశం మీద కౌన్సెలర్ దగ్గరకు వెళుతుంది. మళ్లీ ఇలాంటిదే ఎదురైతే ఈసారి వేరేగా ఏం చేస్తావని ఆ కౌన్సెలర్ అడుగుతుంది. ముందే అబద్ధం చెబుతాను, ఇంకా బాగా చెబుతాను అని జవాబిస్తుంది మారీ. నిజం ఇబ్బంది పెట్టేదైతే మంచివాళ్లు కూడా దాన్ని నమ్మరని తనకు అర్థమైందంటుంది. మొత్తం ధారావాహికలో ఇంతకంటే బలమైన దృశ్యం నాకు కనిపించలేదు. అత్యాచారం ఆమె శరీరం మీద జరిగింది. ఆ తర్వాతి విచారణ, మాటకూ నిజానికీ మధ్య ఆమెకున్న సంబంధాన్ని తెంపేసింది. నిజం చెబితే శిక్ష, అబద్ధం చెబితే ఇంటికి పంపిస్తారు. ఈ పాఠం నేర్చుకున్న మనిషి ఇంక ఎవరితోనైనా మనసు విప్పి ఎలా మాట్లాడుతుంది?

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మారీ నిజం రెండున్నరేళ్ల నిలకడ మీద తెలిసింది. ఆ నిలకడ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? స్నేహితులు దూరమయ్యారు, 500 డాలర్లు కట్టింది, నేరస్థురాలన్న ముద్ర మోసింది. చివరికి తెలిసింది కూడా ఎలా? ఆమె మాట వల్ల కాదు. అత్యాచారం చేసినవాడు తీసిన ఫొటోల్లో, ఆమె గుర్తింపు కార్డును ఆమె ఒంటి మీదే పెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంది. ఆ ఫొటో బైటపడే దృశ్యంలో ఊరట, వెగటు రెండూ ఒకేసారి కలుగుతాయి. ఆమె వాంగ్మూలం చెయ్యలేని పని అతని కెమెరా చేసింది. అతనికి ఆ అలవాటు లేకపోతే? ఆమె చెప్పింది అప్పుడూ అంతే నిజం, కానీ లోకం దృష్టిలో ఆమె ఈనాటికీ అబద్ధాలకోరే.

ఫొటో లేని చోట ఏం జరుగుతుందో తెలుగు స్త్రీలకు ఒకరు చెప్పక్కర్లేదు. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని ఆరోపించారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపడుతూ, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివితే, పదహారేళ్లపాటు ఆ స్త్రీలు తమ మాట మీద తాము నిలబడ్డారనీ, ఆ మాటను పట్టుకుని వెళ్లాల్సినవాళ్లు వెళ్లలేదనీ అర్థమవుతుంది.

చట్టానికి ఈ సంగతి తెలియకపోలేదు. మథుర కేసులో పోలీసులను విడిచిపెడుతూ సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన తీర్పు మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు. మహిళా ఉద్యమం వీధుల్లోకి వచ్చింది. ఫలితంగా 1983లో సాక్ష్య చట్టాన్ని సవరించారు. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో, లైంగిక చర్య జరిగినట్టు రుజువయ్యాక, తన సమ్మతి లేదని స్త్రీ చెబితే న్యాయస్థానం ఆ మాటను ఆధారంగా తీసుకునే ముందుకు పోవాలన్నారు. డువాల్ తన కారులో కూర్చుని చేసిన పనిని చట్టం భాషలోకి అనువదిస్తే ఇంచుమించు ఇదే. కానీ చట్టం కోర్టు గదిలో పనిచేస్తుంది. అంతకు చాలా ముందే, స్టేషన్ బల్ల దగ్గరా, ఇంటి వంటగదిలోనూ మాట చచ్చిపోతుంటుంది.

చివరి భాగంలో మారీ లిన్‌వుడ్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి పార్కర్ చేత క్షమాపణ చెప్పించుకుంటుంది. ఈసారి ఇంకొకరి విషయంలో ఇంతకంటే బాగా చెయ్యమంటుంది. ఆమె అడుగుతున్నది అతని పశ్చాత్తాపాన్నో కన్నీళ్లనో కాదు, అతని పనిని. ఆ తర్వాత తానెప్పుడూ చూడని డువాల్‌కు ఫోన్ చేస్తుంది. లోకం మీద నమ్మకం పోయిన సమయంలో, ఎక్కడో ఎవరో తన మంచి కోసం పనిచేశారని తెలిసి బతకాలనిపించిందన్నట్టు మాట్లాడుతుంది. ఆ కేసు తీసుకున్నప్పుడు డువాల్‌కు మారీ అనే మనిషి ఉన్నట్టే తెలియదు. ఆంబర్ చెప్పిన ఒక మచ్చ గుర్తును పట్టుకుని చివరిదాకా నడిచింది, అంతే. ఆ నడకే వెయ్యి మైళ్ల అవతల ఇంకో అమ్మాయి మాటను నిలబెట్టింది.